మొదటి పేజీలో పేరు

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి దాటి బజారు వైపు తిరిగితే శ్రీనివాసులు కంప్యూటర్ సెంటరు కనిపిస్తుంది. పెళ్ళి కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, పొలం అర్జీలు, ఏది కావాలన్నా జనం అక్కడే టైపు చేయించుకుంటారు. అయితే ఆ సెంటరుకు పేరు తెచ్చినవి ఇవేవీ కావు. ‘సాలు’ అనే తెలుగు ఎడిటరు. ఎడిటరంటే పత్రికలో కూర్చునే మనిషి కాదు. కంప్యూటరులో అక్షరాలు కొట్టుకోవడానికీ, దిద్దుకోవడానికీ, తుడుపుకోవడానికీ వాడే ప్రోగ్రాము. నాగలితో తీసిన సాలులాగా వరుస తిన్నగా వస్తుందని దానికా పేరు. ఆదోని నుంచి మంత్రాలయం దాకా అర్జీలు కొట్టేవాళ్ళు చాలామంది దాన్నే వాడతారు. తెరవగానే నడిమధ్యన ‘రూపకర్త: శ్రీనివాసులు’ అని పడుతుంది.

అశ్విని అక్కడ చేరి ఏడాది కావస్తోంది. ఊరు కౌతాళం. తల్లి భీమమ్మ పత్తి తీసే కూలికి పోతూనే కూతుర్ని ఇంజనీరింగు చదివించింది. భీమమ్మకు చదువు రాదు. కానీ కూతురి పేరులోని మూడక్షరాలను మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. సెలవుకు ఇంటికి పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

“నువ్వు సేసిన దాంట్లో నీ పేరు యాడుంది పాపా? సూపించు.”

“వస్తాదిలేమ్మా.”

“ఎప్పుడొస్తాది? వీధిలో అందరికీ సెప్పుకున్నా నేను.”

ఆ యేడు పత్తి మార్కెట్టుకు వచ్చే కాలంలో ‘సాలు’కు ఒక జబ్బు పట్టుకుంది. తుడిపిన మాటలు తిరిగి రావడం మొదలుపెట్టాయి. మన దగ్గర టైపు చేసేవాళ్ళు కొత్త కాగితం కొత్తగా కొట్టరు కదా, పాత ఫైలు తెరిచి పాత పేరు తుడిపి కొత్త పేరు పెడతారు. అట్లా ఆస్పరిలో ఒకాయన పెళ్ళి కార్డు అచ్చయి వచ్చేసరికి, పెళ్ళికొడుకు పేరు కింద పోయిన నెల చచ్చిపోయిన మనిషి పేరు ఉంది. పెళ్ళివారు కొట్టడానికి వచ్చినారు.

“ఈ నెలాఖరుకల్లా బాగు సెయ్,” అన్నాడు శ్రీనివాసులు. “కొత్త సాలు వచ్చేటప్పుడు నా పేరు కింద నీ పేరు పెడతా. పర్మనెంటు గూడా సేస్తా. సెయ్యలేకపోతే సెప్పు, శానామంది ఉండారు.”

“లోపల ఎట్ల రాసినారో ఒక్కసారి సెప్పండి సార్.”

“అన్నీ నేనే సెప్తే ఇంగ నువ్వు ఎందుకమ్మే?”

అశ్విని ప్రోగ్రామంతా తిరగేసింది. ఎక్కడా అంతు చిక్కలేదు. ఇంటర్నెట్టులో వెతికింది. ఎడిటరును వాడటం నేర్పే పుస్తకాలు గంపలకొద్దీ ఉన్నాయి. ఎడిటరును కట్టడం నేర్పేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా అచ్చులో లేవు. ఎవరెవరో సగం రాసి వదిలేసిన వ్యాసాలు, మధ్యలో ఆగిపోయిన వీడియోలు. మూడు ముక్కలు చదివితే నాలుగోది మొదటిదాన్ని కొట్టేసేది. నెల కరిగిపోతోంది.

పక్క కుర్చీలో పెళ్ళి కార్డులు కొట్టే నాగవేణి ఒకరోజు నోరు విప్పింది.

“ఆదోనిలో బజారి అని ముసలాయప్ప ఉండాడు, ఆయప్ప పాత పుస్తకాల కొట్టుకు పో. అట్లాంటి పుస్తకాలు ఒక పెట్టె నిండా సార్ ఈడి నుంచే తూకానికేసినాడు.”

“ఎవరివక్కా?”

“మునుపు ఉండేటోనివి.”

అంతకు మించి చెప్పకుండా మానిటరు వైపు తిరిగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అశ్విని ఆదోని బస్సెక్కింది. దారి పొడుగునా ముసురు. బజారి కొట్టు, మూతబడిన జిన్నింగు మిల్లు వెనక గోడౌనులో ఉంది. పత్తి పోయి ఏళ్ళయినా గింజ నూనె వాసన గోడల్ని వదల్లేదు. పైనెక్కడో రేకు ఊడి గాలికి టపటపమంటోంది. దూది పీచులు సాలెగూళ్ళలో చిక్కుకుని కదులుతున్నాయి. పుస్తకాల గుట్టల మధ్య, తక్కెడ పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని ముసలాయన బీడీ ముట్టించుకుంటున్నాడు.

“కంప్యూటర్లో రాసేదాన్ని తయారుచేసే పుస్తకాలు కావాలన్నా. ఎమ్మిగనూరు నుంచి వచ్చిండాయంట.”

బజారి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. “అవి ఎవురూ అడగరే... ఆ మూలన ఉండాయి చూసుకో తల్లీ. కరెంటు పోతాది, బిరీన.”

దొరికాయి. జిరాక్సు తీసి, నల్ల అట్ట వేసి, దారంతో కుట్టించిన మూడు పుస్తకాలు. మొదటిది తెరవగానే ఆమెకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళుగా వెతుకుతున్నది బొమ్మతో సహా అక్కడుంది.

విషయం చాలా సులువు. బడిలో హాజరు పిలుస్తామా, ఒక పేరు వదిలేస్తామనుకోండి. ఆ పిల్లవాడు బడిలో లేనట్టా? కాదు. బెంచీ మీదే కూర్చుని ఉంటాడు, మనం పిలవలేదంతే. కొన్ని ఎడిటర్లు అట్లాగే పనిచేస్తాయి. కొట్టిన ప్రతి అక్షరమూ లోపల ఒక అరలో పడి ఉంటుంది. తుడిపితే హాజరు పట్టీలోంచి తీసేస్తాయి కానీ, అరలోంచి తీయవు. ‘సాలు’ అట్లాంటిది. హాజరు ఎక్కడో తప్పుతోంది, పిలవనివాళ్ళు లేచి నిలబడుతున్నారు.

సంతోషంలో అశ్విని ఒక పని చేసింది. మనమంతా చిన్నప్పుడు చేసిన పనే. పై తరగతి పిల్లల దగ్గర పాత పుస్తకం కొనగానే, మొదటి పేజీలో వాళ్ళ పేరు కొట్టేసి మన పేరు రాసుకుంటాం, చూడండి. సంచిలోంచి పెన్ను తీసింది. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ‘యం. సామ్సన్’ అని ఉంది. దానిమీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ‘అశ్విని’ అని రాసింది.

“కట్టివ్వన్నా, మూడూ తీసుకుంటా.”

బజారి పుస్తకం అందుకుని, అలవాటుగా మొదటి పేజీ తిప్పాడు. అతని నోట్లోంచి బీడీ జారి కింద పడింది.

“ఎంత పని సేసినావు తల్లీ.”

“ఏమైందన్నా?”

“ముసురు పట్టినప్పుడు ఒగాయప్ప వస్తాడు. పొద్దు గుంకే యాలకు. ఆ వాకిలి కాడ నిలబడుకోని, ‘అన్నా, నా పేరు ఉందా?’ అంటాడు. నేను ఈ పేజీ సూసి ‘ఉందప్పా’ అంటా. పోతాడు.” ముసలాయన గొంతు తగ్గించాడు. “పుస్తకం తీస్కపో అన్నా ముట్టుకోడు. ఉందా ల్యాదా, అంతే.”

అశ్విని నవ్వబోయింది. అప్పుడే కరెంటు పోయింది.

గోడౌనంతా బూడిద రంగు చీకటి. వాన చప్పుడు. రేకు టపటప... ఆగిపోయింది. గాలి మాత్రం ఆగలేదు.

మొదట వాసన వచ్చింది. గింజ నూనె వాసన కాదు. కౌతాళం చేలల్లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ వాసన చెప్పనక్కరలేదు. పత్తికి కొట్టే మందు. ముక్కు లోపల మండింది.

వాకిట్లో ఎవరో ఉన్నారు.

వెలుతురుకు అడ్డంగా సన్నటి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు. ముఖం... కనపడలేదు.

“అన్నా... నా పేరు ఉందా?”

బజారి పుస్తకాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఉందా అన్నా?”

“సూ... సూస్తాండా నాయనా...”

అశ్విని ముసలాయన చేతుల్లోంచి పుస్తకం లాక్కుంది. చీకట్లో, వేళ్ళతో గీత తడుముకుంటూ, తన పేరు కింద మళ్ళీ ‘సామ్సన్’ అని రాసింది. పెన్ను కాగితంలో దిగబడింది.

“ఉంది,” అంది. “ఉందన్నా.”

తర్వాత గొంతు, ఈసారి దగ్గర నుంచి.

“శ్రీనివాసులు సార్ కాడేనా?”

“...అవును.”

“యాడిదాకా వచ్చింది పని?”

నిజంగా పక్క కుర్చీలో పనిచేసే మనిషి అడిగినట్టే అడిగాడు.

“తుడిపినవి... తిరిగొస్తాండాయి.”

“అది తప్పు గాదమ్మా. నేనే పెట్టినా.” మందు వాసన ఆమె మెడకు తగిలింది. “మా నాయన పేరు పొలం పాసుపుస్తకంలోంచి తుడిపేసినారు. ఎవురు తుడిపినారో తెలీదు, ఎప్పుడు తుడిపినారో తెలీదు. అందుకే ఏదీ పోగూడదని అట్ల కట్టినా. తెరవంగానే... ఎవురి పేరు వస్తాంది?”

అబద్ధం చెప్పాలనిపించింది.

“సార్ పేరు.”

రేకు మళ్ళీ టపటపమంది. వాకిలి ఖాళీగా ఉంది.

దీపం వెలిగాక బజారి ఆ మొదటి పేజీని జాగ్రత్తగా చింపి తన గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. “పుస్తకాలు నువ్వు తీస్కపో. ఇది నా కాడ ఉండల్ల. అడిగితే సెప్పాల గదా. ఏమన్నా ఉంటే ఫోను సేస్తా, నీ నంబరియ్యి.”

మరుసటి పొద్దున అశ్విని ‘సాలు’ లోపలి అర తెరిచింది. ఆ ప్రోగ్రామును దిద్దింది కూడా ‘సాలు’లోనే కాబట్టి, ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు. ‘రూపకర్త’ అన్నచోట శ్రీనివాసులు పేరు కింద, హాజరు పిలవని పిల్లవాడిలాగా, ఆ పేరు కూర్చుని ఉంది. సామ్సన్. ఆమె శ్రీనివాసులును పిలిచి చూపించింది. అతను వంగి ఆ పేరు చదివాడు.

“మంచోడే. మొండోడు,” అన్నాడు. “పేరు పేరని పానం తీసినాడు. జీతం ఇచ్చింది నేను, కరెంటు నాది, కంప్యూటరు నాది. నేను మందు తాగమన్నానా?”

“రెండు పేర్లూ పెడదాం సార్. ఆయనది, మీది.”

“మూడు గూడా పెట్టొచ్చు. నీదెందుకు వదిలేస్తావు?” చిన్నగా నవ్వాడు. “సూడమ్మే. తుడిపింది తుడిపినట్లే పోవల్ల. అర గిర ఏం ఉండగూడదు. అట్ల సెయ్, ఆదివారం కొత్త సాలులో నీ పేరు ఉంటాది. మీ యమ్మను గూడా పిల్చుకోని రా. సెయ్యనంటావా, వాకిలి ఆడుంది.”

ఆ పూటంతా ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. సాయంత్రం తల్లి ఫోను చేసింది, ఆదివారం కూలి మానుకుని రావాల్నా అని.

“రామ్మా,” అంది అశ్విని.

పుస్తకం మంచిది. మంచి పుస్తకం ఏ పనైనా నేర్పుతుంది, ఎందుకని అడగదు. రెండో పుస్తకం చివరి అధ్యాయంలో ఉన్నట్టే అరలన్నీ ఊడ్చేసే పద్ధతి రాసింది. తుడిపితే ఇంక జాడ కూడా మిగలదు. మొట్టమొదట దేనిమీద పరీక్షించాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీట నొక్కింది. సామ్సన్ బెంచీ ఖాళీ అయింది.

ఆదివారం సెంటరు ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అర్జీలు రాసేవాళ్ళు వచ్చారు. భీమమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. కొత్త ‘సాలు’ తెర మీద తెరుచుకుంది. చప్పట్లు. భీమమ్మ లేచి దగ్గరికి పోయి, వేలితో ఒక్కొక్క అక్షరాన్నే తడుముతూ వెతికింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు.

“యాడుంది పాపా?”

తెర నడిమధ్యన ‘రూపకర్త: శ్రీనివాసులు’ అని ఉంది. కింద ఏమీ లేదు.

అశ్విని గబగబా లోపలికి పోయి ప్రోగ్రాము తెరిచింది. నిన్న తన పేరు తన చేత్తోనే రాసింది. ఎవరో తుడిపినారు. ఎవరు తుడిపినారో, ఎప్పుడు తుడిపినారో అరలో చూడబోయింది. అర లేదు. తనే ఊడ్చేసింది.

“వచ్చే దాంట్లో పెడదాంలేమ్మే,” అన్నాడు వెనకనుంచి శ్రీనివాసులు, ఎవరికో చేయి ఊపుతూ.

పొద్దు గుంకే వేళకు తల్లీకూతుళ్ళిద్దరూ కౌతాళం బస్సు కోసం నిలబడ్డారు. ముసురు మళ్ళీ మొదలైంది. తల్లి కొంగు తీసి కూతురి తలమీద కప్పింది. అప్పుడు ఫోను మోగింది. బజారి.

“అమ్మా...” ముసలాయన గుసగుసలాడుతున్నాడు. వెనక రేకు చప్పుడు లేదు. “ఈ పొద్దు ఇద్దరొచ్చినారు. ఆయప్ప ఏం అడగల్యా. పక్కన ఒగ ఆడపిల్ల ఉంది. ‘అన్నా, నా పేరు ఉందా?’ అంది. పేజీ తీసి సూసినా. ఆయప్ప పేరు ఉంది, నువ్వు చీకట్లో రాసింది. నీ పేరు ఉండే సోట... తెల్లగా ఉందమ్మా. కొట్టేసిన జాడ గూడా ల్యా. పెన్నుతో రాసింది ఎట్ల పోతాది?”

“నేను ఎమ్మిగనూరులో ఉన్నానన్నా. మా యమ్మ పక్కనే ఉంది.”

“నేనూ అదే అనుకుంటి. గొంతు మాత్రం నీదే తల్లీ.” ముసలాయన ఊపిరి వినపడింది. “ఇంగా వాకిట్లోనే నిలబడుకోని ఉంది. ఏం సెప్పమంటావు?”