ఇంజను గది తలుపు

సరంగు కొలత తప్పే మనిషి కాదు. ఉద్యోగం మానేశాక మేడ మీది గదిలో కూర్చుని, తను ఒకప్పుడు నడిపిన చక్రాల స్టీమరుకి నమూనా కట్టడం మొదలుపెట్టాడు. అసలు దానిలో యాభయ్యో వంతు. రెండు పక్కలా తెడ్ల చక్రాలు, అగ్గిపుల్లల్లాంటి కమ్మీలు, చిటికెన వేలంత పొగగొట్టం. మూడేళ్ళుగా అదే లోకం. గది నిండా జిగురు వాసన, వార్నీషు వాసన.

ఒక్కచోట మాత్రం కావాలనే తేడా చేశాడు. అసలు స్టీమరులో ఇంజను గది తలుపుకి బయట గడియ ఉండేది. నమూనాలో అది పెట్టలేదు.

ఆ స్టీమరు నలభై ఏళ్ళ కిందట రాతికి కొట్టుకుని మునిగిపోయింది. ప్రయాణికులంతా ఒడ్డెక్కారన్నారు. పోయినవాడు ఇంజను డ్రైవరొక్కడేనని తేల్చారు. అతను సరంగు భార్యకి తోడబుట్టిన తమ్ముడు. తాగి ఇంజను పక్కనే పడి ఉన్నాడనీ, ఎంత పిలిచినా లేవలేదనీ విచారణలో సరంగు చెప్పాడు. అది విన్ననాడే ఆవిడ తమ్ముడి ఫొటో గోడ మీంచి తీసేసింది. మళ్ళీ వాడి ఊసెత్తలేదు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నానికే గదిలో మసక కమ్మింది. సరంగు దీపం దగ్గరికి లాక్కుని నమూనా పై అంతస్తుకి చివరి పలక అతికిస్తున్నాడు. ఎందుకో ఇంజను గది వైపు చూశాడు.

తలుపుకి గడియ ఉంది.

వెంట్రుకంత సన్నటి ఇత్తడి గడియ. వేసి ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఉంది. వేలితో జరపబోయి చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. వేలి కొస బొబ్బెక్కింది.

జిగురు వాసన ఎటుపోయిందో... తడి బొగ్గు వాసన. కాగిన నూనె వాసన. పక్క చక్రం కదిలింది. ఒక తెడ్డు... ఇంకో తెడ్డు...

నమూనా కడుపులోంచి గోటితో కొట్టినట్టు చిన్న చప్పుడు.

టక్. టక్. టక్.

"బావా..."

సరంగు నమూనా మీదికి వంగాడు.

"నీళ్ళొస్తున్నాయి బావా... గడియ తియ్యి..."

కుర్చీ తన్నుకుంటూ లేచి గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. కాళ్ళ కింద నేల చల్లగా, తడిగా ఉంది. తలుపు లాగాడు. రాలేదు.

మెట్ల మీద భార్య అడుగులు వినిపించాయి. "ఏమైందండీ? ఏంటా చప్పుడు?"

"తలుపు తియ్యవే! బయట ఎవరు గడియ పెట్టారు?"

"బయట గడియెక్కడుంది? నేను తోస్తూనే ఉన్నా..." ఆవిడ గొంతు తగ్గింది. "లోపల్నుంచి ఎవరో అడ్డంగా పట్టుకున్నారు. మీతో ఎవరున్నారండీ?"

సరంగు వెనక్కి తిరగలేదు. చీలమండల దాకా నీళ్ళు. మెడ మీద వేడి ఊపిరి.

"వాడు తాగలేదు!" అని అరిచాడు. "నేనే గడియ పెట్టాను! వాడు ఇంజను వదిలి పైకొస్తే ఒడ్డు చేరలేమని... చేరాక తీద్దామనుకున్నా. భయమేసి దూకేశాను!"

తలుపవతల తొయ్యడం ఆగింది.

"తలుపు కొట్టాడా?"

సరంగు తలుపుకి నుదురు ఆనించాడు.

"అడుగుతున్నాను. కొట్టాడా?"

"కొట్టాడు... నేను దూకేదాకా కొడుతూనే ఉన్నాడు."

తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూడలేదు. ఆయన భుజం మీదుగా గదిలోకి చూసింది. నలభై ఏళ్ళుగా ఆ మొహంలో లేని మెత్తదనం వచ్చింది.

"తడిసి ముద్దయిపోయావు కదరా నాయనా! కూర్చో. ఈయన ఎక్కడికీ పోరు."

సరంగు బయటికి అడుగెయ్యబోయాడు. ఆవిడ ఆయన గుండెల మీద చెయ్యి వేసి, నెమ్మదిగానే, లోపలికి నెట్టింది. తలుపు మూయబోతూ ఆగింది.

"ప్రయాణికులంతా ఒడ్డెక్కారన్నారు కదా?"

"అంతా ఎక్కారు. ఒట్టు... అందరూ ఎక్కారే!"

"మరి వాడు ఎత్తుకున్న ఆ పిల్ల ఎవరండీ?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ తలుపు వేసేసింది.

సరంగు వెనకాల ఎవరో దగ్గారు. చిన్నగా... నీళ్ళు మింగిన దగ్గు.