నాన్న బస్సు పక్కన

"సైకిలు తాళం ఇలా ఇవ్వు" అన్నాడు తండ్రి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

కూతురు ఇవ్వలేదు. గుప్పిట మరింత బిగించింది. వీధి చివరింటి లెక్కల మాస్టారిని ముందురోజు సాయంత్రమే సాగనంపి వచ్చారు అందరూ. పెద్ద కూడలి దగ్గర మలుపు తిరుగుతున్న లారీ ఆయన్నీ, ఆయన సైకిలునీ కలిపి చక్రాల కిందికి లాగేసుకుంది. రాత్రంతా ఆ ఇంట్లో ఏడుపు ఈ ఇంటి గోడల్లోంచి వినబడుతూనే ఉంది. తెల్లారేసరికి తండ్రి ఈ మాట పట్టుకున్నాడు.

"రోడ్డు ఎలాంటిదో బస్సు నడిపేవాణ్ణి, నాకు తెలుసు. ఇక నువ్వు సైకిలెక్కడానికి వీల్లేదు."

"మరి నా పనో? నేనేమన్నా ఒక్క చోటికి వెళ్తానా నాన్నా? సందుకొక రోగి మంచం. ఒక ముసలమ్మకి పుండుకి కట్టు మార్చాలి, ఇంకో తాతకి సూది వెయ్యాలి. నీ బస్సు వాళ్ళ వంటింట్లోంచి వెళ్తుందా?"

తల్లి కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆమె ప్రాణం. భర్త మాటలో భయం ఉంది. ఆ భయం తనకు లేదా? నిన్న మాస్టారి కాళ్ళ దగ్గర పెట్టిన చెప్పుల జత కళ్ళల్లోంచి పోవడం లేదే! కానీ, మంచాన పడ్డవాళ్ళ సేవ అనగానే కూతురి ముఖంలో వచ్చే ఆ వెలుగు... దాన్ని తన చేత్తో ఎలా ఆర్పేస్తుంది? కాసేపు దేవుణ్ణి తలుచుకుంది. అప్పుడే తట్టింది ఆమెకు ఆ ఆలోచన. ఎంత మంచి ఆలోచన అనుకుందో!

"ఏమండీ, రోజూ పొద్దున మీ బస్సు మన గేటు ముందునుంచే కదా వెళ్ళేది? కూడలి దాకా ఇద్దరిదీ ఒకటే దారి. ఇది మీ బస్సు పక్కనే వస్తుంది. మీ కంటి ముందే ఉంటుంది. కన్నతండ్రి పక్కన ఉండగా దానికేం భయం?"

తండ్రి ఒకసారి వీధి చివరింటి వైపు చూశాడు. చివరికి గుమ్మంలోంచి తప్పుకున్నాడు. "బస్సుని విడిచిపెట్టకు మరి" అన్నాడు.

"వెనక పడకు తల్లీ, ముందువైపే ఉండు, నాన్నకి కనబడేలా" అని తల్లి కూడా చెప్పింది. ఆ మాట తనే చెప్పింది... తన నోటితోనే.

అప్పటినుంచి రోజూ అదే వరస. మలుపులో బస్సు హారన్ వినబడగానే కూతురు సైకిలు బయటికి తీసేది. బస్సు తలుపు దాటి, ముందు చక్రం పక్కకు చేరి, దానితోపాటే తొక్కుకుంటూ వెళ్ళేది. తల్లి గేటు పట్టుకుని, ఇద్దరూ కనుమరుగయ్యేదాకా చూసి లోపలికి వచ్చేది. దేవుడి ముందు నిలబడి, ఇద్దరినీ ఇలాగే ఒకరి పక్కన ఒకరిని ఉంచు తండ్రీ అని మొక్కుకునేది.

ఒక రాత్రి అన్నాల దగ్గర తండ్రి నవ్వుతూ అన్నాడు. "ఏమే గువ్వా, ఇవాళ నూలుమిల్లు దాకా అద్దంలో కనబడ్డావు. ఆ తర్వాత లేవు. కాళ్ళు నొప్పులా, వెనకబడ్డావు?"

"నేనెక్కడ వెనకబడ్డాను? కూడలి దాకా నీ పక్కనే ఉన్నా."

"లేవులే. నేను చూశాగా."

"అయితే నీకు కళ్ళజోడు వచ్చే వేళయింది నాన్నా."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ మాట ఎంత భయంకరమైనదో ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మాస్టారి భార్య ఒక మధ్యాహ్నం బట్టల మూట మోసుకుని వచ్చింది. బొత్తిగా చిక్కిపోయింది. కళ్ళు మాత్రం పొడిగా, పట్టుదలగా ఉన్నాయి.

"వదినా, ఇంట్లో కూర్చుని ఏడిస్తే ఆయన తిరిగి రాడు. మన వీధుల్లో సైకిలు మీద పనికెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూశావా? అందరినీ కూడగడుతున్నాం. ఆదివారం పొద్దున బస్సు డిపో ఆవరణలో కలుస్తున్నాం. రోడ్డు మీద ఎలా వెళ్ళాలో డిపో వాళ్ళే చూపిస్తారట. ఈ కోట్లకి మెరిసే పట్టీలు కుట్టిపెట్టు, చాలు."

తల్లి ఆ పట్టీలు ఎంత శ్రద్ధగా కుట్టిందో! ఒక్కొక్కటీ వీపున అడ్డంగా, భుజాల మీదుగా నిలువుగా, ఊడిపోకుండా రెండేసి కుట్లు వేసింది. మొదటి కోటు కూతురికే తొడిగి, దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. మిలమిలా మెరిసింది పిల్ల. ఇంకేం, ఇంత మెరుస్తుంటే కళ్ళులేనివాడికైనా కనబడుతుంది అనుకుంది.

ఆదివారం మిగతా కోట్లు పట్టుకుని డిపోకి ముందే వెళ్ళింది. భర్తకు ఆ రోజూ డ్యూటీ ఉంది. మంచాన పడ్డవాళ్ళకు ఆదివారం సెలవు ఉండదు కాబట్టి కూతురికీ పని ఉంది. వేళకు బయలుదేరతానని చెప్పింది.

ఆవరణ మధ్యలో ఖాళీ బస్సు ఒకటి నిలబెట్టారు. కొత్త డ్రైవర్లకు పని నేర్పే పెద్దాయన దాని పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడని ఆయన్ని అందరూ బ్రేకు బాబాయ్ అంటారు.

"ఎవరన్నా ఒకరు... పైకెక్కి నా సీట్లో కూర్చోండమ్మా."

ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుని నవ్వుకున్నారు. మాస్టారి భార్య తల్లి చెయ్యి పట్టి ముందుకు నెట్టింది. "ఎక్కు వదినా, మొగుడి సింహాసనం ఎలా ఉంటుందో చూడు."

సిగ్గుపడుతూనే ఎక్కింది. ఎంత ఎత్తు! గోడ అవతల కూడలి దాకా రోడ్డంతా కనబడుతోంది. మాస్టారి భార్య మెరిసే కోటు తొడుక్కుని, సైకిలు పట్టుకుని బస్సు ముందు నిలబడింది.

"కనబడుతోందా అమ్మాయ్?"

"బాగా కనబడుతోంది బాబాయ్."

మాస్టారి భార్య సైకిలు నడిపించుకుంటూ పక్కకు వెళ్ళింది. వెనక తలుపు దగ్గర అద్దంలో కనబడింది. అక్కడినుంచి మెల్లగా ముందుకు వచ్చింది... వచ్చింది... అంతే, లేదు. తల్లి అద్దంలోకి వంగి చూసింది. ముందు గాజులోంచి మెడ చాచి చూసింది. మనిషి లేదు, సైకిలు లేదు, తను రెండేసి కుట్లు వేసిన పట్టీ లేదు.

"వదినా, ఎటు పోయావు?"

"ఇక్కడే ఉన్నా" అని కిందినుంచి వినబడింది. "ముందు చక్రం పక్కనే. చెయ్యి పెడితే బస్సు తగులుతోంది."

బ్రేకు బాబాయ్ చెబుతున్నాడు. "అదీ సంగతి. ఆ చోటు డ్రైవరుకి... కళ్ళున్నా కనబడదు. బస్సు ఇటు తిరిగిందా... ఇక అంతే."

తల్లి స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది. ముందు చక్రం పక్కన... వెనక పడకు తల్లీ, ముందువైపే ఉండు... ఎవరు చెప్పారా మాట? ఏ తల్లి చెప్పింది? తల ఎత్తి చూసింది. గోడ అవతల, నూలుమిల్లు దాటి భర్త బస్సు వస్తోంది. దాని పక్కన ఎవరూ కనబడలేదు. కనబడదు. బిడ్డ బస్సుకి అవతలి వైపు ఉంటుంది. కూడలిలో బస్సు తలుపు వైపుకే తిరుగుతుంది. బిడ్డ తిన్నగా వెళుతుంది. రోజూ పోలీసు బస్సుని ఆపితే ముందే దాటిపోయేది, ఆదివారం కూడలిలో పోలీసు ఉండడు.

ఎలా దిగిందో ఆమెకే తెలియదు. చేతిలో మిగిలిపోయిన కోటుతోనే గేటు దాటి పరుగెత్తింది. వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె ఆగలేదు. పక్క దీపం కొట్టుకుంటూ బస్సు మలుపు మొదలుపెట్టింది. దేవుడా... దేవుడా... చేతులు రెండూ చాపి బస్సుకి ఎదురుగా నిలబడిపోయింది.

బ్రేకులు కీచుమన్నాయి. లోపల జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బస్సు ముందుభాగం ఆమె ముఖానికి వేడిగా తగిలేంత దగ్గరకు వచ్చి ఆగింది.

తండ్రి దూకినట్టే దిగాడు. "నీకు మతి పోయిందా? చస్తావనుకున్నాను. ఇంట్లో నేనేం తక్కువ చేశానని—"

"అమ్మాయేదండీ?"

"అమ్మాయేంటి? ఇవాళ రాలేదు. అద్దంలో చూశాను, లేదు."

ఆమె అతని చొక్కా పట్టుకుని బస్సు చుట్టూ లాక్కెళ్ళింది. ముందు చక్రానికి, గట్టుకి మధ్యన సైకిలు ఒరిగిపోయి ఉంది. కూతురు గట్టు మీదికి పడి, మోచేయి పట్టుకుని లేస్తోంది. హ్యాండిల్ ఒరుసుకుని బస్సు ఆకుపచ్చ రంగు ఊడిపోయింది. ఇంకొక్క క్షణం చక్రం తిరిగి ఉంటే...

"నాన్నా, ఎందుకలా తిప్పేశావు?" అంది పిల్ల, ఇంకా ఏమీ అర్థం కాక. "పక్కనే ఉన్నాను కదా."

తండ్రి చక్రాన్ని పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముట్టలేదు. పెరటి మెట్టు మీద కూర్చుని తన అరచేతులవంక చూసుకుంటున్నాడు. దేవుడు కాపాడాడు అన్నారు వచ్చినవాళ్ళంతా. తల్లి కూడా అదే నమ్మింది, చేతులెత్తి దణ్ణం పెట్టింది. కానీ మనసులో ఒక మూల చిన్న ప్రశ్న... మాస్టారి భార్య ఏం పాపం చేసింది? ఆవిడ మొక్కుకోలేదా? కాపాడినందుకు చేయవలసినదేదో మిగిలి ఉందని మాత్రం తోచింది.

"రేపట్నుంచి దానికి సైకిలు వద్దు" అన్నాడు తండ్రి గోడతో చెబుతున్నట్టు.

"కంచే చేను మేసినట్టయింది నాన్నా, అంతే. చేను ఏం చేసింది?" అంది కూతురు, చేతికి తనే కట్టు కట్టుకుంటూ.

తల్లి భర్త పక్కన కూర్చుంది. "నాకూ భయమేనండీ. రేపూ ఉంటుంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ సైకిలు మాన్పిస్తే మన పిల్ల ఒక్కతే ఆగుతుంది. ఆ చోటు అలాగే ఉంటుంది. ఇంకెవరి పిల్లో వచ్చి అక్కడ నిలబడుతుంది. వచ్చే ఆదివారం డిపోలో డ్రైవర్లందరినీ పిలుస్తారట. మీరు జరిగింది చెప్పండి."

"నేనా?" అతను అరచేతులు మూసుకున్నాడు. "ఇన్నేళ్ళలో బస్సు మీద గీత పడనివ్వలేదని నన్ను చూపించి కొత్తవాళ్ళకి చెబుతారే. ఇప్పుడు వాళ్ళ ముందు నిలబడి, నా కూతుర్నే తొక్కబోయానని చెప్పనా?"

"చెప్పండి" అంది. ఆమె కన్నీళ్ళు అతని చేతుల మీద పడ్డాయి. "అద్దంలో లేదు కాబట్టి రాలేదనుకున్నాను అని చెప్పండి. ఆ ఒక్కటీ చాలు."

అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆదివారం మాత్రం అందరికంటే ముందు లేచి గడ్డం గీసుకున్నాడు.

ఆవరణలో డ్రైవర్లు చేతులు కట్టుకుని, విసుగ్గా నిలబడ్డారు. "సైకిలు వాళ్ళకి బుద్ధి చెప్పక మాకెందుకు ఈ పాఠాలు? మా బస్సులకి అద్దాలు లేవా?" అన్నాడు మీసాల డ్రైవరు. నవ్వులు లేచాయి.

"ఉన్నాయి" అన్నాడు తండ్రి ముందుకు వచ్చి. "ఆ అద్దంలో నా కూతురు లేదు. చక్రం పక్కన ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. అతను ఏదీ దాచకుండా చెప్పాడు. మధ్యలో బ్రేకు బాబాయ్ వచ్చి వీపు నిమిరాడు. తర్వాత కూతురు సైకిలు తీసుకుని ముందు చక్రం పక్కన నిలబడింది. ఇంజను ఆపేసి ఉందని తెలిసినా, తల్లి ఆ చక్రం మీంచి చూపు తిప్పలేదు. ఒక్కొక్క డ్రైవరూ సీట్లో కూర్చుని వెతికాడు. దిగాక ఎవరూ జోకు వెయ్యలేదు. మీసాల డ్రైవరు మాత్రం, "మా తమ్ముడు సైకిలు మీదే పనికెళ్తాడు. ఏ రోడ్డున వెళ్తాడో ఏనాడూ అడగలేదు" అన్నాడు.

చివరికి మాస్టారి భార్య ఎక్కింది. ఎంతసేపటికీ దిగలేదు. తల్లి మెట్టు మీదికి వెళ్ళి చూస్తే, స్టీరింగు మీద తల ఆన్చి ఉంది.

"రోజూ ఆ లారీవాణ్ణి తిట్టుకుంటున్నాను వదినా, కళ్ళు పోయాయా అని... వాడికి మా ఆయన కనబడలేదేమో."

తల్లి ఆవిడను గుండెకు అదుముకుంది.

సోమవారం పొద్దున మలుపులో హారన్ వినబడింది. కూతురు గేటు ముందు ఒక కాలు నేల మీద ఆన్చి, సైకిలు మీద ఆగింది. బస్సు పూర్తిగా ముందుకు పోనిచ్చి, అప్పుడు తొక్కడం మొదలుపెట్టింది. కిటికీలోంచి తండ్రి చెయ్యి బయటికి వచ్చింది. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి అని ఊపుతోంది. పిల్ల నవ్వుతూ వేగం తగ్గించింది. బస్సుకీ సైకిలుకీ మధ్య రోడ్డు ఖాళీగా, పొడుగ్గా సాగింది.

"ఇంకాస్త తల్లీ" అంది అమ్మ, గేటు ఊచ వదలకుండా. "ఇంకాస్త దూరంగా."