ఫిర్యాదు చేయని కస్టమర్

గద్ద అనే గూఢచారి దివాలా తీస్తే ఆ పాపం పెద్దాయనదే. సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆయన. "కవర్ కోసం వెబ్ హోస్టింగ్ కంపెనీ పెట్టవయ్యా. పెట్టుబడి నువ్వు పెట్టు, ఆఫీసు ఇచ్చేస్తుంది" అన్నాడు. మూడేళ్లలో ఆఫీసు ఇచ్చింది ఒక టీ కప్పు. సాయానికి సేల్స్ మేనేజర్ వేషంలో సిల్క్ అనే ఏజెంట్‌ను కూడా పంపాడు. ఆమె నడిచొస్తే సర్వర్లే వేడెక్కేవి.

ఒక సాయంత్రం ఫోన్ మోగింది. పెద్దాయన.

"మా సైట్ చాలా స్లో." కోడ్.

"మీకు ఓపిక చాలా తక్కువ." జవాబు.

"విను. విదేశీ ముఠా. డ్యామ్ గేట్లు తెరిచే కమాండ్‌ను నీ సర్వర్లలోనే ఏదో సైట్‌లో దాచారు. ఆరింటికి వెళ్తుంది. దిగువన ఊళ్లున్నాయి."

"ఏ సైట్ సార్?"

"అది తెలిస్తే నీతో పనేంటి?"

మూడు వందల సైట్లు. అన్నీ ఆపితే వ్యాపారం మట్టిగొట్టుకుపోతుంది. గద్దకు పళ్ల డాక్టరు మీదా అనుమానమే, పాత కార్లవాడి మీదా అనుమానమే. కానీ వాళ్లిద్దరూ పొద్దున్నే ఫోన్ చేసి తిట్టారు. పాస్‌వర్డ్ మర్చిపోయి ఒకడు, ఇంట్లో నెట్ పోయి ఇంకొకడు.

గద్ద ఆగాడు. తిట్టని కస్టమర్ ఎవరు?

పర్ఫ్యూమ్ షాపు! పోయిన వారం సర్వర్ పూటంతా పడిపోయింది. అయినా కిక్కురుమనలేదు. అమ్ముకునేవాడైతే ఊరుకుంటాడా? ఆ షాపును తెచ్చింది సిల్క్.

సర్వర్ గదిలోకి పరిగెత్తి లాగిన్ కొట్టాడు. పాస్‌వర్డ్ మారిపోయింది.

"శ్రమపడకండి బాస్." వెనక సిల్క్. చేతిలో లిప్‌స్టిక్, దాని చివర పిస్టల్ గొట్టం. "చేతులెత్తండి. ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

"ఎంతిస్తున్నారు నీకు?"

"మీ పెద్దాయన ఇచ్చే టీ కప్పు కంటే ఎక్కువే."

గద్ద చేతులెత్తాడు. కాళ్ల సంగతి ఆమె చెప్పలేదు. గడియారం ఆరు కొట్టబోతుండగా ర్యాక్ కిందున్న మెయిన్ ప్లగ్‌ను బూటుతో ఒక్క తన్ను తన్నాడు.

సర్వర్ల హోరు ఆగిపోయింది. ఆ వెంటనే బల్లమీది ఫోన్లన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. సిల్క్ ఉలిక్కిపడి అటు తిరిగింది. గద్ద ఆమె మణికట్టు మెలిపెట్టాడు. లిప్‌స్టిక్ నేల రాలింది.

గద్ద ఒక ఫోన్ నొక్కితే స్పీకర్‌లో పళ్ల డాక్టరు అరుస్తున్నాడు: "ఏమయ్యా, చచ్చారా అంతా?"

"లేదు సార్. బతికాం."

పెద్దాయన మెచ్చుకున్నాడు. "డబ్బు సంగతి సార్?" అంటే, "ప్లగ్ తన్నమని ఆఫీసు చెప్పిందా?" అన్నాడు.

వారం తిరక్కుండా కస్టమర్లంతా రీఫండ్ పట్టుకుపోయారు. అడగనిది పర్ఫ్యూమ్ షాపు ఒక్కటే. అది పోను గద్దకు పోయింది అక్షరాలా ఆరు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు.