ఆకు లేని పచ్చ

గ్రానైటు వ్యాపారి ప్రభాకర్‌ను చంపినవాడు ఒక్కసారి చంపి ఊరుకోలేదు. ములకలపల్లి అడవి దారిలో, వాన ముసురు పట్టిన సాయంత్రం, జాకీ రాడ్డుతో తల పగలగొట్టాడు. కిందపడ్డాక అతని కారునే అతని మీదుగా ఎక్కించాడు. వెనక్కి తెచ్చి మళ్ళీ ఎక్కించాడు. శవాన్ని గోనెపట్టాలోకి ఎత్తిన మనిషి రెండు రోజులు ముద్ద మింగలేకపోయాడని ఖమ్మమంతా చెప్పుకున్నారు.

ఆ పని చేసింది ప్రభాకర్ డ్రైవర్ జగదీషేనని పోలీసులు తేల్చారు. జగదీష్ తల్లి జమ్లి, తమ తండా నుంచి బస్సెక్కి, కమాన్ బజారులో బట్టల కొట్టు పైనున్న డిటెక్టివ్ ఉషారాణి ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒప్పుకునేదాక కొట్టిండ్రమ్మా," అంది. "కుడిచేతి ఏళ్ళు ఇరగ్గొట్టిండ్రు. సంతకం ఎడమ చేత్తోటి పెట్టిచ్చుకున్నరంట. గా జైల్లనే ముసలోడైతడు నా కొడుకు."

ఉషారాణి యాభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పి వల్ల ఎక్కడికి పోయినా ముందు కూర్చునే చోటు వెతుక్కుంటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాత్రం కదలదు, మెదలదు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న సుజన, మేడంకు ఒంట్లో ఉన్న బలమంతా చెవుల్లోకే పోయిందని నమ్ముతుంది.

మర్నాడు వాళ్ళిద్దరూ సీఐని కలిశారు. ఆయన కేసును ఎంతో మురిపెంగా వివరించాడు. ప్రభాకర్‌ది స్పోర్ట్స్ కారు. స్టీరింగు వెనక మీటర్లు ఏ రంగులో వెలగాలో మనమే ఎంచుకోవచ్చు. కారు నడిపేది ముగ్గురు. తాను పెట్టుకున్న రంగు ఇంకొకరు మార్చారని ప్రభాకర్ ఇంట్లో రోజూ రభస చేసేవాడు. ఆ పోరు పడలేక షోరూంలో ఒక్కో తాళంచెవికి ఒక్కో రంగు పెట్టించారు. ఏ తాళంతో బండి లేస్తే ముందుగా ఆ రంగే వెలుగుతుంది, కావాలంటే తర్వాత మీట నొక్కి మార్చుకోవచ్చు. ప్రభాకర్‌కు ఎరుపు, బావమరిది రమణకు పసుపు, జగదీష్‌కు ఆకుపచ్చ.

ప్రభాకర్ తాళంచెవి శవం జేబులోనే నలిగి దొరికింది. అంటే కారును అతని మీదికి నడిపింది మిగతా రెండింటిలో ఒకదానితో. అడవిలో పుట్టగొడుగులు ఏరుకుంటున్న నాగక్క అనే కోయ మనిషి పొద చాటు నుంచి చూసింది. మొహం కనపడలేదు. మీటర్లు ఆకుపచ్చగా వెలిగాయని చెప్పింది. పైగా అంతకు ముందు వారమే ప్రభాకర్ మార్కెట్ యార్డులో అందరి ముందూ జగదీష్ చెంప పగలగొట్టాడు. హత్య జరిగిన రోజు జ్వరమని జగదీష్ పనికి రాలేదు. తండాలో అందరూ కూలికి పోతే ఇంట్లో ఒక్కడే పడుకున్నానంటాడు. చూసినవాళ్ళు లేరు.

"ఇంతకంటే ఏం కావాలె మేడం?" అన్నాడు సీఐ.

ఉషారాణి నాగక్క గూడెం ఎక్కడో అడిగి రాసుకుంది.

ప్రభాకర్ ఇంట్లో అతని భార్య పుష్పలత ఎడమచేతికి కట్టుతో కూర్చుని ఉంది. బాత్రూంలో జారిపడ్డానని అడగకముందే చెప్పింది. కనుబొమ మీద పాత మచ్చ గురించి ఉషారాణి అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె తమ్ముడు రమణే టీ పోసి ఇచ్చాడు. ములకలపల్లి దగ్గర బావ పామాయిల్ తోటను చూసుకునేది అతనే. ఆ సాయంత్రం భద్రాచలంలో ఉన్నానన్నాడు. కారు దొరికిందీ భద్రాచలంలోనే, గోదావరి ఒడ్డున. ఆ సంగతి ఉషారాణి ఎత్తగానే అతను నవ్వి, తన తాళంచెవి తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"నాది పసుపని ఊరంత ఎరుకే మేడం. కావాలంటే పెట్టి సూసుకోండ్రి."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. అతను మళ్ళీ జేబులో వేసుకున్నాడు. దాపరికం లేని మనిషని సుజనకు అనిపించింది.

నాగక్క గూడేనికి ఆటో దిగి చాలా దూరం నడవాల్సి వచ్చింది. పోయేసరికి ఆమె ఇంటి ముందు తడిసిన పుల్లలు ఆరబెడుతోంది. లోపల మంచం మీద భర్త నీరసంగా పడుకుని ఉన్నాడు.

"కండ్లు పచ్చగైనయ్ ఆనికి," అంది నాగక్క. "పసరు తాగిస్తన్న. కూసోండమ్మా, గా చిలకరంగు పట్టా ఏసుకోని కూసోండి, కింద తడి."

సుజన ఆకుపచ్చ టార్పాలిన్ లాగి పరిచింది. ఉషారాణి మోకాళ్ళు పట్టుకుని దాని మీద కూర్చుంది. నాగక్క తాను చూసింది చెప్పింది. పడ్డ మనిషి ఇంకా చేయి కదిపాడట. బండి వెనక్కి వచ్చినప్పుడు ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వినపడిందట. తాను నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుందట.

"మనిషి చీకట్ల ఉన్నడు. ఆని ముంగట గుండ్రంగ రెండు, పచ్చగ వెలుగుతన్నయ్. గంతే సూసిన."

తిరిగి వస్తుంటే దారిలో సుజన నిట్టూర్చింది. నాగక్క మన ముందు కూడా ఆకుపచ్చ అనే చెప్పింది కదా, ఇక జగదీష్‌ను ఎవరూ కాపాడలేరంది.

"ఆమె నోట ఏ మాట వచ్చిందో మళ్ళీ గుర్తు చేసుకో," అని మాత్రం అంది ఉషారాణి.

ఆ తర్వాత ఆమె సీఐతో ఏం మాట్లాడిందో గానీ, ఛార్జిషీటు కోర్టులో వీగిపోయి పరువు పోతుందన్న భయం ఆయనలో పుట్టించింది. వారం తిరక్కుండా ప్రభాకర్ ఇంటి పోర్టికోలోకి కారును తెప్పించాడు. సీఐ, కానిస్టేబుళ్ళు, పుష్పలత, రమణ, జమ్లి, నాగక్క అందరూ చేరారు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. పోర్టికో చుట్టూ పరదాలు దించి చీకటి చేయించింది ఉషారాణి. నాగక్కను కారు బయట నిలబెట్టి, తాను లోపల కూర్చుని, పోలీసుల దగ్గరున్న జగదీష్ తాళంతో బండి లేపి మీటర్ల రంగులు మార్చసాగింది.

"ఇదేం రంగు?"

"ఎరుపు."

"ఇది?"

నాగక్క అద్దంలోంచి తొంగి చూసింది. "చిలకరంగు."

సీఐ మొహం పక్కకు తిప్పుకున్నాడు. లోపల వెలుగుతున్నది ఆకుపచ్చ. ఉషారాణి ఇంకోసారి మీట నొక్కింది. పసుపు వెలుగు ఆమె చేతుల మీద పడింది.

"పచ్చ," అంది నాగక్క. "గిదే. గిట్లనే ఉండె."

ఉషారాణి కారు దిగింది. "సీఐ గారూ, ఆమె పచ్చ అంది. ముందు ఆకు తగిలించింది మీరు. కామెర్లు పచ్చ కామెర్లెందుకయ్యాయి? ఆమె భర్త కళ్ళు పచ్చబడ్డాయంటే ఆకుల్లా అయ్యాయని కాదు కదా. ఆమెకు పసుపే పచ్చ. ఆకు రంగును చిలకరంగంటుంది. నిజం ఆమె మొదటి రోజే చెప్పింది. మీరు దాన్ని మీ భాషలోకి మార్చుకుని ఒక మనిషి వేళ్ళు విరగ్గొట్టారు."

రమణ గొంతు సవరించుకున్నాడు. "రంగుదేముంది మేడం. ఇప్పుడు మీరు మార్చలేదా? జగదీషే నా రంగు పెట్టి ఉండొచ్చు."

"కింద మనిషి ఇంకా చేయి కదుపుతుంటే, పైన కూర్చుని రంగులు ఎంచుకుంటాడా? సరే, మీ తాళం చూపించండి. ఆ రోజు మీరే చూసుకోమన్నారు."

పోలీసులు పొరబడ్డారన్న ధీమాతో ఆ రోజు టీపాయ్ మీద పెట్టిన చేయి ఈసారి జేబు దగ్గరే ఆగిపోయింది. సీఐ చేయి చాచాక తీయక తప్పలేదు. ఉషారాణి చెప్పినట్టు, సుజన చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని అందుకుంది. బటన్లున్న ఆ తాళంచెవి లోపల, బ్యాటరీ అయిపోతే తలుపు తీసుకునేందుకు సన్నని ఇనుప చెవి ఒకటి దాగి ఉంటుంది. సుజన దాన్ని బయటికి లాగింది. గాడిలో నల్లగా ఎండిన మరక కనిపించింది.

"పైన కడిగారు," అంది ఉషారాణి. "నెత్తుటి చేత్తో పట్టుకుంటే అది సందుల్లోకి దిగుతుంది. ల్యాబులో ఎవరిదో తేల్చి—"

ఆమె మాట పూర్తి కాలేదు. రమణ సుజన జుట్టు పట్టి బానెట్ కేసి కొట్టాడు. సుజన కళ్ళకు చీకటి కమ్మింది, నోట్లో ఉప్పగా తగిలింది. పిడికిలి మాత్రం విప్పలేదు. రెండోసారి తల లేపి కొట్టబోయిన చేతిని జమ్లి పళ్ళతో పట్టేసింది. అతను మోచేత్తో ఆమె పక్కటెముకల్లో గుద్దాడు, పాదం ఎత్తి తన్నాడు. ఆమె వదలలేదు. కానిస్టేబుళ్ళు వచ్చి అతణ్ణి నేలకేసి అదిమాకే, నోట్లోని నెత్తురు ఉమ్మి లేచింది.

"బావ నన్ను తోటల కూలోళ్ళ ముంగట చెప్పుతోటి కొట్టిండక్కా," అని నేల మీద నుంచే అరిచాడు రమణ. "దారిల దించుతనని బండెక్కిచ్చుకోని మళ్ళీ తిట్టిండు. అడవిల బండాపి దిగిండు. ఎనకాల రాడ్డు కనవడ్డది. నీ పగ కూడ తీర్చిన."

పుష్పలత కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి వైపు చూసింది.

"నన్ను ఇన్నేండ్లు కొట్టినప్పుడు పక్క అర్రలనే కూసోని అన్నం తిన్నవు కదరా," అంది. "నిన్ను ఒక్కసారి కొడితే చంపినవా?"

కానిస్టేబుళ్ళు రమణను లేపి జీపెక్కించారు.

మరక ప్రభాకర్ నెత్తురేనని ల్యాబు తేల్చింది. కోర్టు కాగితాలు తెమిలి జగదీష్ జైలు గేటు దాటిన రోజు ఉషారాణి, సుజన కూడా వెళ్ళారు. అతను కుంటుతూ వచ్చాడు. కుడిచేతి వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. దండం పెట్టబోతే రెండు చేతులూ కలవలేదు. జమ్లి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ తడిమి చూసింది. ఆమె ఏడుస్తుందని సుజన అనుకుంది.

"రమణ లోపలికి పోయిండు," అంది జమ్లి. "నా కొడుకు చెయ్యి ఇరగ్గొట్టినోళ్ళు ఇంక కుర్సీలల్లనే ఉన్నరు. గా కేసు ఎవలు పట్టుకుంటరమ్మా?"

ఉషారాణి గేటు పక్కనున్న అరుగు మీద కూర్చుని, జగదీష్‌కు పక్కన చోటు చూపించింది. ఎవరు పట్టుకున్నారో, ఎవరు కొట్టారో మొదటి నుంచి చెప్పమంది. అతను తల్లి వైపు చూశాడు, గేటు దగ్గరున్న సెంట్రీ వైపు చూశాడు. అప్పుడు, సెంట్రీకి కూడా వినపడేంత గొంతుతో, మొదటి పేరు చెప్పాడు.