ఎర్ర బిళ్ళ

మా ఊరి మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు చిన్నది. మూడొందల ఇళ్ళ నీళ్ళు ముందు గాలి ట్యాంకులోకి వస్తాయి. అడుగునుంచి బ్లోయర్ గాలి కొడుతుంటే రాత్రింబవళ్ళు సలసలా మరుగుతున్నట్టే ఉంటుంది. అక్కణ్ణుంచి క్రిమి కూడా దూరలేని జల్లెడలు దాటి తేటనీళ్ళ ట్యాంకులో పడతాయి. వాసన ఒక వారంలో అలవాటైపోతుంది.

బుడగలున్న నీళ్ళు మనిషిని తేలనివ్వవు. గజ ఈతగాడైనా రాయిలా అడుక్కి పోతాడు. అందుకే ట్యాంకులోకి దిగేవాడు బ్లోయర్ ఆపి, తన పేరున్న ఎర్ర బిళ్ళ స్విచ్చుకి తగిలించాలి. తగిలించినవాడే తియ్యాలి. ఈ పద్ధతి పెట్టింది మెకానిక్కుగా చేసిన మా మావగారు. నేను ఆపరేటర్ని.

ఆ రోజు తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారు. పొద్దున్నే అందరి ముందూ, "పిల్లనిచ్చాను గానీ బుద్ధి ఇవ్వలేకపోయానయ్యా నీకు," అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత గాలి పైపు బిగించడానికి ట్యాంకులోకి దిగాడు. మధ్యాహ్నం ఆఫీసర్లు వచ్చే వేళకి నేను ఆయన బిళ్ళ తీసి స్విచ్చు వేశాను. పైకి వచ్చేసుంటాడనుకున్నాను... ఒక్క కేకేసి అడగొచ్చు. అడగలేదు.

బిళ్ళని ఆయన మునిగిపోయిన ఆ నీళ్ళలోకే విసిరేశాను. "ఆయన బిళ్ళ పెట్టలేదు," అని అందరికీ చెప్పాను.

"నాన్న అన్నం తినడం మర్చిపోతాడు గానీ బిళ్ళ మర్చిపోడండీ," అంది నా భార్య. తర్వాత ప్లాంటులో నీళ్ళు పరీక్షించే పని ఆమెకిచ్చారు.

నిన్న మబ్బు పట్టిన సాయంత్రం అదే పైపు మళ్ళీ వదులైంది. బ్లోయర్ ఆపాను. నా బిళ్ళ తగిలించి రెండుసార్లు లాగి చూసుకున్నాను. నిచ్చెన మీద నడుము లోతు దిగాను. ఎప్పుడూ హోరుమనే చోట చప్పుడే లేదు. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. మందు వాసన... ఆయన మోకాళ్ళకి రాసుకునే మందు.

వెనక సన్నగా దగ్గు.

"బిగించావా?"

తిరగలేదు. తిరగలేకపోయాను. కాళ్ళ దగ్గర ఒక బుడగ... ఇంకోటి... ఒక్కసారిగా నీళ్ళన్నీ పొంగాయి. కాలు జారింది. ఎవరో చీలమండ పట్టుకున్నారు. గట్టిగా. నిచ్చెన మెట్టు వాటేసుకుని ఎలా పైకొచ్చానో నాకే తెలీదు.

స్విచ్చు గదిలో నా భార్య. చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది.

"బిళ్ళ లేదుగా," అంది మెల్లగా. "మీరు బిళ్ళ పెట్టలేదు."

"పెట్టాను..."

"అల్లుడు పైకి వచ్చేశాడు, వెయ్యమ్మా అన్నాడు నాన్న."

పైకి వచ్చేసుంటాడనుకున్న సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బిళ్ళ తగిలించిన స్విచ్చు కొక్కెం ఖాళీ. ఆమె చేతులూ ఖాళీ. ఇవాళ పొద్దున జల్లెడలన్నీ విప్పి చూశాను. ఒక్క చిరుగు లేదు. వాటికి అవతల, తేటనీళ్ళ ట్యాంకు అడుగున ఎర్ర బిళ్ళలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద ఆయన పేరు. ఒకదాని మీద నాది.

పైపు ఇంకా వదులుగానే ఉంది. మళ్ళీ ఎప్పుడు దిగుతారని ఆమె అడుగుతోంది. అడిగినప్పుడల్లా ఆ మందు వాసన వస్తోంది.