గుంటకు రెండు గింజలు

చిక్కుడు గింజను ఎవరూ ఒంటరిగా నాటరు. వేలితో గుచ్చిన గుంటలో రెండేసి వేస్తారు. ఒకటి పుచ్చిపోయినా రెండవది మొలుస్తుందన్న ముందుచూపు అది. రెండూ మొలిచినప్పుడే వస్తుంది చిక్కు. ఒకే గుంటలో రెంటినీ ఉంచితే రెండూ పీలగానే బతుకుతాయి. కనుక జానెడు ఎత్తు ఎదగకముందే బలహీనమైనదాన్ని పీకివేయాలి. తోట పెంచేవారందరికీ తెలిసిన సంగతే. ఆ ఇంటి కోడలికీ తెలుసు. తెలిసినా ఆమెకు చేతులు రావు.

వంటింటి తలుపు తీస్తే పెరడు. నీళ్ళ తొట్టి పక్కన పుదీనా, దాని వెనుక కొత్తిమీర మడి, తరువాత వంగ, టమాటా, గోడ వారగా చిక్కుడు వరుసలు. ఆ ఇంట్లో అద్దెకు దిగిననాటికే మడులన్నీ తీర్చి ఉన్నాయి. వాటిని తీర్చినవారెవరో వీరూ అడగలేదు, ఇంటివారూ చెప్పలేదు. కోడలు పగలంతా మిషను ముందు కూర్చుని బడిపిల్లల దుస్తులు కుట్టేది. భర్త రైలింజను డ్రైవరు. వారంలో సగం రోజులు పట్టాల మీదే. సాయంత్రం చల్లబడగానే అత్త కర్ర పీట తెచ్చుకుని మడుల మధ్య కూర్చునేది. మోకాళ్ళు అరిగిపోయి వంగలేదు గాని, నోటికి ఏ అరుగుదలా రాలేదు.

"ఏమే, ఆ మొక్కను పీకుతున్నావా, దానితో సంబంధం మాట్లాడుతున్నావా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి అత్తయ్యా."

"ఎక్కడున్నాయి ఒకేలా? ఒకటి నీ మొగుడు డ్యూటీకి వెళ్ళేటప్పటిలా నిటారుగా ఉంది. రెండోది వాడు డ్యూటీ దిగి వచ్చినట్టు వాలిపోయింది. కళ్ళజోడు పెట్టుకోనిదాన్ని నాకే కనిపిస్తోంది!"

ఆ పనికి అత్త పెట్టిన పద్ధతి ఒకటుంది. పీకవలసిన మొలకకు సాయంత్రం పూట పసుపుపచ్చ పీలిక కట్టాలి. తెల్లవారి మళ్ళీ చూసి అప్పుడు పీకాలి. "సాయంత్రానికి కన్ను అలసి ఉంటుంది. పొద్దున మనసు మెత్తగా ఉంటుంది. రెండు చూపులూ ఒప్పుకుంటేనే ప్రాణం తీయాలి," అనేది. మిషను కింద రాలిన గుడ్డముక్కలే ఆ పీలికలు.

కోడలికి చేతులు ఎందుకు రావో అత్తకు తెలుసు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. కోడలిది కవలల కాన్పు. పెద్దదాన్ని బొండు అనీ, చిన్నదాన్ని పిచ్చుక అనీ పిలిచేవారు. పేర్లలోనే వారి ఆరోగ్యాలు ఉన్నాయి. పిచ్చుకకు పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో నెమ్ము. చినుకు పడితే దగ్గు, దగ్గు వెంట జ్వరం. "ఈ వానలు గట్టెక్కిస్తే ఇక బెంగ లేదమ్మా," అన్నాడు డాక్టరు. గట్టెక్కకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆ సాయంత్రం కోడలు పీలికల కట్ట పట్టుకుని చిక్కుడు వరుసల దగ్గర నిలబడి ఉండగా లోపల పిచ్చుక దగ్గు తెర వినిపించింది. కట్టను గోడ మేకుకు తగిలించి పరుగెత్తింది. మళ్ళీ బయటికి రాలేదు.

తెల్లవారి చూస్తే గుంటకు ఒక్క మొక్కే ఉంది. పీకిన చోట మట్టి పెళ్ళగిలలేదు. పీకిన మొలకలు ఎక్కడా లేవు. పీలికలు మాత్రం మడతపెట్టి గోడ మీద ఉన్నాయి. అత్తే చేయించిందనుకుంది కోడలు. కోడలే మనసు రాయి చేసుకున్నదనుకుంది అత్త. ఒకరినొకరు మెచ్చుకునే అలవాటు ఆ ఇంట్లో లేనందున కొన్నాళ్ళు ఆ ప్రస్తావనే రాలేదు.

"చిక్కుడు బాగానే ఏరావులే," అన్నది చివరికి అత్త, ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు.

"నేనా? మీరు కాదూ?"

"నా మోకాళ్ళతోనా? నేను వంగితే నన్ను లేపడానికి మళ్ళీ నలుగురు కావాలే."

నవ్వు వచ్చింది గాని ఎవరూ నవ్వలేదు. అత్త చాలాసేపు గోడ వంక చూసింది.

"పీలికలు ఇంట్లో పెట్టు. నీళ్ళు ఎవరైనా పోయవచ్చు, కలుపు ఎవరైనా తీయవచ్చు. ఏది ఉండాలో, ఏది పోవాలో మాత్రం పెంచినవాళ్ళే తేల్చుకోవాలి. ఆ పని పరాయి చేతికి ఇవ్వకూడదు."

సరేనన్నది కోడలు. కాని దోస పాదుల్లోనూ గుంటకు రెండేసి మొలకలు లేచి నిలబడ్డాయి. మబ్బు పట్టిన ఒక సాయంత్రం, అత్త లోపల కునుకు తీస్తూ ఉండగా, ఆమె పీలికల కట్టను తెచ్చి తిరిగి అదే మేకుకు తగిలించింది. ఊరకే తగిలించి వచ్చినా బాగుండేది. మడుల వైపు తిరిగి, మెల్లగా, చేతులు జోడించినంత వినయంగా అన్నది: "మీరెవరో నాకు తెలియదు. నా వల్ల కానిది చేసిపెడుతున్నారు. ఇక మీదట కూడా ఏది ఉండాలో, ఏది పోవాలో మీరే చూడండి."

పుదీనా ఆకులు ఒక్కసారి కదిలి ఆగాయి. గాలి లేదు.

మరునాడు పొద్దున్నుంచీ వాన. సాయంత్రానికి కరెంటు పోయింది. గండి పడి రైళ్ళు ఆగిపోయాయని, రేపు గాని రాలేననీ భర్త కబురు పంపాడు. పిల్లలిద్దరూ పెందలాడే తిని ఒకే పరుపు మీద, ఒకే దుప్పటి కింద నిద్రపోయారు. గదిలో వాసన... వాన వాసన కాదు. పచ్చి కాడను విరిచినప్పుడు వచ్చే వాసన. ఆమె లాంతరు తెచ్చి దుప్పటి సర్దబోయింది.

పిచ్చుక చీలమండకు పసుపుపచ్చ పీలిక కట్టి ఉంది.

ఆటకు కట్టుకున్నారనుకుంది. విప్పబోతే ముడికి కొసలు లేవు. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కొసలే లేవు.

"బొండూ... ఇది నువ్వు కట్టావా?"

"ఊహూ," అన్నది బొండు కళ్ళు తెరవకుండానే. "ఆమె కట్టింది."

"ఎవరే?"

"వంటింట్లోంచి వచ్చిందిగా. వంగి నన్ను చూసింది. చెల్లిని చూసింది. మళ్ళీ నన్ను చూసింది..." ఆ పిల్ల నిద్రలోకి జారిపోయింది.

కోడలు అత్తను లేపింది. అత్త లాంతరు వెలుగులో ఆ ముడిని చూసింది. ముఖం తిప్పుకోలేదు. గొంతు మాత్రం తగ్గించింది.

"పీలికలు బయట పెట్టావా?"

"పెట్టాను."

"ఏమైనా అన్నావా?"

చెప్పింది. ఒక్క అక్షరమైనా దాచలేదు. తిడుతుందనుకుంది. తిట్టి ఉంటే ఎంతో ధైర్యంగా ఉండేది.

"ఒక చూపు అయింది," అన్నది అత్త. "రెండోది తెల్లవారుతూ."

"కోసిపారేస్తాను అత్తయ్యా."

"కొయ్యి. చూసిన కళ్ళు ముడి కోస్తే మరచిపోతాయా?"

ఆమె మిషను మీది కత్తెర తెచ్చి పీలికను కోసింది. దాన్ని తన మణికట్టుకే చుట్టి, పళ్ళతో బిగించి ముడివేసింది. అత్త అడ్డుచెప్పలేదు, వెళ్ళి వంటింటి తలుపుకు పీట అడ్డుపెట్టి దాని మీద కూర్చుంది. కోడలు ఇద్దరు పిల్లలనూ ఒడిలోకి లాక్కుని గోడకు ఆనుకుంది. వాన పెంకుల మీద పడుతోంది. చూరు నుంచి జారుతోంది. ఆ చప్పుడులో పిచ్చుక ఊపిరి పిల్లి గురకలా వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపు ఫరవాలేదనుకుంది.

తెలతెలవారుతుండగా వాన ఆగింది.

లాంతరు సన్నగిల్లింది. అత్త తల గోడకు వాలిపోయి ఉంది. తలుపు వేసే ఉంది. పీట కదలలేదు. అయినా... వంటింటి నేల మీద తడిమట్టి రాలుతున్న చప్పుడు. ఒక చోట. కాస్త ఇవతల. ఇంకాస్త ఇవతల.

పచ్చివాసన ముంచుకొచ్చింది.

ఎవరో వంగారు. చల్లని ఊపిరి ఆమె నెత్తిమీద తగిలింది. ఆమె కళ్ళు మూసుకుని మణికట్టు పైకెత్తి చూపింది. తడివేలు ఒకటి ఆ పీలికను తాకింది. తడిమింది. ఆలోచించింది.

వదిలేసింది.

ఆమె పిచ్చుక రెండు కాళ్ళూ పట్టుకుంది. బిగించి పట్టుకుంది. అప్పుడు... ఏ పెనుగులాటా లేదు. తడినేలలోంచి మొక్కను వేరు తెగకుండా తీసే నేర్పు అది. ఒడిలోని బరువు ఒక్క క్షణం లేకుండా పోయింది. చేతుల్లో కాళ్ళున్నాయి, బరువు లేదు.

మళ్ళీ బరువు వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి కిటికీ తెల్లబడింది. ఒడిలో ఇద్దరూ ఉన్నారు. తన మణికట్టు మీద పీలిక లేదు. పిచ్చుక నుదుటి మీద చెయ్యి వేసింది, జ్వరం లేదు. గుండెకు చెవి ఆనించింది, గురక లేదు. ఎన్నడూ లేనంత నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీస్తోంది.

"అత్తయ్యా! దగ్గు లేదు! చూడండి, దగ్గే లేదు!"

ఏడుస్తూ నవ్వింది. అత్త వచ్చి మనవరాలి జుట్టు వాసన చూసింది. మళ్ళీ చూసింది. చావింటి నుంచి వచ్చినట్టు, వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

మధ్యాహ్నానికి భర్త వచ్చాడు. కూతురి బుగ్గల రంగు చూసి పొంగిపోయాడు. "చూశావా? నువ్వు భయపడి చచ్చి, మమ్మల్నీ చంపావు," అన్నాడు. పిచ్చుక ఆ రోజు గిన్నెడు అన్నం తిన్నది, చెంబెడు నీళ్ళు తాగింది, మళ్ళీ నీళ్ళు అడిగింది. బొండు మాత్రం చెల్లి పక్కన కూర్చోనన్నది.

తిన్న తరువాత పిచ్చుక నిద్రపోయింది. తల్లి పక్కనే కూర్చుని గుండీలు కుట్టుకుంటూ ఉంది. తూర్పు కిటికీ వైపున్న పిల్ల ముఖం కాసేపటికి పడమటి కిటికీ వైపు ఉంది. పిల్లలు నిద్రలో దొర్లుతారు. ఆమె లేచి పడమటి కిటికీకి పరదా వేసి, తూర్పు కిటికీ బార్లా తెరిచింది. భుజాలు కదలలేదు. కాళ్ళు కదలలేదు. మూసిన కళ్ళతో, తొందర లేకుండా, ఆ ముఖం ఒక్కటే తూర్పుకు తిరిగింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏమని అడగాలి? బిడ్డ ఉంది. ఆరోగ్యంగా ఉంది. ఆమె కోరినది అదే కదా.

ఆ సాయంత్రమూ కరెంటు రాలేదు. అందరూ పడుకున్నాక ఆమె లాంతరు పట్టుకుని పరుపు చుట్టూ ఒకసారి నడిచింది. పిచ్చుక ముఖం వెలుగు వెంట తిరిగింది. తలుపు దాకా వెళ్ళింది. ముఖం తలుపు వైపు తిరిగింది. ఆమె ఒత్తి తగ్గించి, లాంతరు ఆర్పివేసింది.

గది అంతా చీకటి. ఎక్కడా చుక్క వెలుతురు లేదు.

తలగడ మీద ముఖం మెల్లగా కదిలిన చప్పుడు వినిపించింది.

అది ఎటు తిరిగిందో చూడాలంటే లాంతరు వెలిగించాలి. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. ఆమె వెలిగించలేదు.