నిమ్మకాయ కట్టిన తెల్ల కారు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో కుక్కర్ మూడో కూత వేస్తుండగా రేణుక చేతి గాజులోంచి చీఫ్ గొంతు వినిపించింది.

"ఏజెంట్ తొమ్మిది, మాట్లాడొచ్చా?"

రేణుక స్టవ్ ఆపలేదు. కుక్కర్ కూతకి మించిన జామర్ ఏ దేశమూ ఇంకా తయారు చెయ్యలేదని ఆమె నమ్మకం. వీధిలో అందరికీ ఆమె చీరల బేరం చేసుకునే మనిషి.

"చెప్పండి సార్."

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. ఎర్రిస్వామి, నలభై ఏళ్లు. నందవరం కూలీల బిడ్డ, ఇప్పుడు హైదరాబాదులో రాడార్ సైంటిస్ట్. అతను గీసిన డిజైన్‌ని ఒక విదేశీ ముఠా కొనాలని చూసింది. కుదరలేదు. ఇక మనిషినే తీసేద్దామనుకుంది. అతనిప్పుడు తల్లి బసమ్మకి ఆదోనిలో కంటి ఆపరేషన్ చేయించడానికి సెలవు మీద వచ్చాడు. సరిగ్గా అప్పుడే అతని తెల్ల కారు మోడల్‌కి కంపెనీ బ్రేకు రీకాల్ ప్రకటించింది. మాస్టర్ సిలిండర్‌లో లోపముంది, తీసుకొస్తే ఉచితంగా మారుస్తాం అని. కారు ఆదోని సర్వీస్ సెంటర్‌లో ఉంది.

"కొత్త సిలిండర్‌లో ముఠా ఒక రిసీవర్ దాచింది. వంద గజాల్లోంచి రిమోట్ నొక్కితే బ్రేకు పోతుంది. కంపెనీ లోపం అనుకుని కేసు మూసేస్తారు. రిమోట్ కోబ్రా అనేవాడి దగ్గరుంది. ఎర్రిస్వామికి ముందే చెబితే కోబ్రా జారిపోయి ఇంకో దారి వెతుక్కుంటాడు. అదే మోడల్ కారు నీకు పంపించాం. రీకాల్ పేరుతో లోపలికి వెళ్లు. ఆ పార్టు బిగించకముందే పట్టుకో."

"లోపల మనవాళ్లున్నారా?"

"అంజలి, సర్వీస్ అడ్వైజర్. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. ఎవరి మనిషో నాకూ తెలీదు. 'కౌతాళం వడ్లు ఆరినాయా' అని అడుగు. 'కాలవ నీళ్లు తగ్గితే ఆరతాయి' అంటే మన మనిషి."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి రేణుక ఆదోనిలో ఉంది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా. పై గిన్నెలో బొరుగుల ఉగ్గాని, కింది గిన్నెలో స్కానర్. రిసీవర్ పది అడుగుల లోపు ఉంటే డబ్బా సన్నగా వణుకుతుంది.

అంజలి నల్లకోటు వేసుకుని, ఎర్ర గోళ్లతో కీబోర్డు మీద టకటకలాడిస్తూ, ఎవరినీ చూడకుండా అందరికీ నవ్వు పంచుతోంది. రేణుక ముందుకి వంగి కోడ్ చెప్పింది.

"సిస్టం డౌన్ ఉంది మేడం, కూర్చోండి" అంది అంజలి.

అది జవాబు కాదు. ద్రోహమో, మామూలు డ్యూటీయో రేణుకకి అంతుపట్టలేదు.

ఆమె మూడు దేశాల జైళ్లలోంచి తప్పించుకున్న మనిషి. ఆ హాల్లో మాత్రం నేల మీద ఒక పసుపు గీత ఉంది. కస్టమర్లు అది దాటకూడదు. సోమవారం సిస్టం డౌన్. మంగళవారం పార్టు బళ్లారి నుంచి రావాలి. బుధవారం ఆమె చాసిస్ నంబరు రీకాల్ లిస్టులోనే లేదన్నారు. గురువారం ఉందన్నారు గానీ మెకానిక్ సెలవన్నారు. టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఇరవై నిమిషాలు వీణ వాయించారు.

ఆమె వేషాలు కూడా మార్చింది. ఊడ్చే మనిషిలా వెళ్తే చేతికి బకెట్టిచ్చి బాత్రూములన్నీ కడిగించారు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని కంపెనీ ఇన్‌స్పెక్టర్‌నంటూ వెళ్తే కూల్‌డ్రింక్ ఇచ్చి, మేనేజరు భోజనానికి పోయినాడంటూ మూడు గంటలు కూర్చోబెట్టారు. ఎవరైనా ఆ కుర్చీల్లో కూర్చోవాల్సిందే.

ఆ కుర్చీల్లోనే ఎర్రిస్వామీ, బసమ్మా కూడా రోజూ కూర్చునేవాళ్లు. ఆపరేషన్ చేసిన కంటికి పచ్చని అద్దాలు పెట్టుకున్న బసమ్మ గొంతును బట్టే రేణుకని గుర్తుపట్టేది.

"నీదీ బ్రేకేనా అమ్మీ?"

"అవునవ్వా."

"ఎద్దులబండి నయం. ముకుతాడు పట్టి లాగితే నిలబడతాండె."

రేణుక ఉగ్గాని పెట్టింది. బసమ్మ పొడిబారిన చేత్తో తడుముకుంటూ గిన్నె అందుకుంది. ఈ ముసలామె కూడా అదే కారులో కూర్చుంటుంది. ఆ సంగతి చీఫ్ బ్రీఫింగ్‌లో లేదు.

శనివారం వచ్చింది. ఆ రెండు తెల్ల కార్లూ యార్డులో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఎర్రిస్వామి కారు ముందు బంపరుకి బసమ్మ కట్టించిన నిమ్మకాయా మిరపకాయలూ వడలిపోయి వేలాడుతున్నాయి. తొమ్మిదిన్నరకి హుసేనమ్మ బుట్టతో వచ్చింది. ఆ వీధిలో ప్రతి దుకాణానికీ, బండికీ శనివారం దిష్టి నిమ్మకాయలు మార్చేది ఆమే. వడలిన కాయ శనివారం దాటితే కీడని కత్తెరతో తెంపి పారేసింది. ఎర్రిస్వామి ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు. యజమాని ఎదురుగా లేనిదే ఆమె కొత్తది కట్టదు.

"నీ బండికి కట్టేదా అమ్మా?" అని రేణుకని అడిగింది. వద్దంటే అనుమానం. రేణుక కట్టించుకుంది. అప్పుడే చీఫ్ నుంచి గాజులోకి కాల్ వస్తే గేటు బయటికి నడిచింది.

తిరిగొచ్చేసరికి రెండు కార్లూ లోపలికి పోయాయి. పన్నెండింటికి బయటికొచ్చి మళ్లీ పక్కపక్కనే నిలబడ్డాయి.

"మీ పని కూడా అయిపోయింది మేడం" అంది అంజలి నవ్వుతూ.

ఐదు రోజుల అనుభవంతో రేణుక నమ్మలేదు. పని చెయ్యకుండానే జాబ్ కార్డు మూసేశారనుకుంది. టిఫిన్ డబ్బా పట్టుకుని రెండు కార్ల మధ్యకి వెళ్లింది. డబ్బా వణికింది. పార్టు బిగించేశారు.

చీఫ్ ఆజ్ఞ పక్కనపెట్టి ఆమె, అప్పుడే తల్లితో వచ్చిన ఎర్రిస్వామి చెయ్యి పట్టుకుంది. ఆ కారు తియ్యొద్దని, బ్రేకులో మోసముందని చెప్పింది.

"అక్కా, ఐదు దినాలాయ ఈడ తిరగబట్టి" అన్నాడు అతను అలసటగా. "మళ్లా లోపలికిస్తే ఇంగో ఐదు దినాలు. దేవుడే వచ్చి సెప్పినా నేను ఈడ నిలబడను."

బసమ్మని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టడానికి రేణుకకి మనసు రాలేదు. తన కారెక్కి వెంట పడింది.

ఎమ్మిగనూరు రోడ్డు. అటూ ఇటూ పత్తి చేలు, ముందురోజు వానకి నానిన నల్లరేగడి. ఎర్రిస్వామి కారు ఫర్లాంగు ముందుంది, తర్వాత రెండు ఫర్లాంగులు. పక్క సీట్లో డబ్బా వణుకుతూనే ఉంది. దూరం పెరిగినా వణుకు తగ్గలేదు.

పార్టు ముందు కారులో లేదు. అది ఆమె కాళ్ల కిందే ఉంది.

వాగు వంతెన ముందు దిగుడులో రోడ్డు పక్కన జీపు ఆగి ఉంది. అందులో పత్తి బేరగాడి వేషంలో ఒకడు. ఎర్రిస్వామి కారు దాటుతుండగా వాడు చెయ్యెత్తి ఏదో నొక్కాడు. ఆ కారు ఏ తొట్రుపాటూ లేకుండా దిగుతోంది. వాడు మళ్లీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. అప్పటికి రేణుక వంద గజాల లోపలికొచ్చేసింది. పెడల్ మీద కాలు వేస్తే నేలకంటింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. అది పట్టడం లేదని సోమవారమే రాయించింది. జాబ్ కార్డులో ఇంకా అలాగే ఉంది.

రిమోట్ పనిచెయ్యలేదని కోబ్రా జీపు స్టార్ట్ చేసి రోడ్డెక్కాడు. ముందు కారుని వెనకనుంచి వంతెన మీంచి నెట్టేయాలని వేగం పెంచాడు. ఆ కారుకి ఇంకో పది గజాలు. రేణుక హారన్ కొట్టడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆమె కారు వెనకనుంచి జీపుని గుద్దింది. జీపు పక్కకి తిరిగి చేలోకి దూకి, ఇరుసుల దాకా రేగడిలో దిగబడింది. దాని వెనకే ఆమె కారూ. కోబ్రా తలుపు తీసి దిగి మోకాళ్ల దాకా కూరుకుపోయాడు. చేతిలో రిమోట్ అలాగే ఉంది. పత్తి తీసే ఆడకూలీలు చుట్టూ చేరి, ఆడమనిషి కారుకి అడ్డమొస్తావా అని వాణ్ని కదలనివ్వలేదు.

ఎర్రిస్వామి ఏమీ ఎరగకుండా వంతెన దాటిపోయాడు.

"బ్రిలియంట్, తొమ్మిది" అన్నాడు గాజులో చీఫ్. "ఆ టైమింగ్ ఎలా సాధ్యమైంది?" రేణుక బురదలో దిగబడిన చెప్పులు వెతుక్కుంటోంది.

కారు లాగడానికి మెకానిక్ ఇస్సాకు వచ్చాడు. ఒకే రకం బండ్లు రెండుంటే నంబర్లు ఎవరు చూస్తారన్నాడు.

"నిమ్మకాయ కట్టిన తెల్ల కారుకి ఈ పార్టు ఎయ్యమని అంజలి మేడం సెప్పినాది. ఏసినాను అక్కా."

అంజలి కూడా వచ్చింది, బురద అంటకుండా గట్టు మీదే నిలబడింది. శనివారం హుసేనమ్మ వస్తుందని ఈమెకి తెలుసా, తెలీదా? రేణుక మొహం చూసి అంజలి మెల్లగా అంది: "కాలవ నీళ్లు తగ్గితే ఆరతాయి మేడం. నా తల మీద ముఠా కెమెరా ఉన్నింది."

తర్వాత ఫోన్ చేతికిచ్చి, సర్వీసుకి మార్కులు వెయ్యమంది. పదికి పది కావాలట. తగ్గితే కారణం చెప్పడానికి కస్టమర్ మళ్లీ సర్వీస్ సెంటర్‌కి రావాలట.

మూడు దేశాల జైళ్లలో నోరు విప్పని రేణుక, మారుమాట్లాడకుండా పది నొక్కింది.